ఊళ్లో బీడీ, చుట్ట మాన్పించాలంటే: మొదటి మాట నుంచి ఆరో నెల దాకా

"మా నాన్న రోజుకు రెండు కట్టల బీడీలు కాలుస్తాడు, ఎంత చెప్పినా వినడు, ఏం చేయాలి?" వారానికి ఒకరైనా ఇలా అడుగుతారు. ఆశా కార్యకర్తలు, ఊళ్లో చదువుకున్న కుర్రాళ్లు, సంఘం మహిళలు, అందరిదీ ఇదే ప్రశ్న. డాక్టరు ఎక్కడో మండలంలో ఉంటాడు, కౌన్సెలర్ జిల్లా కేంద్రంలో ఉంటాడు, బీడీ మాత్రం వీధి చివర బడ్డీ కొట్టులో దొరుకుతుంది. అలాంటి ఊళ్లో పని ఎలా చేయాలో, ఏది ముందు ఏది వెనక చేయాలో ఇక్కడ వరసగా రాస్తున్నాను. నేను తిరిగినవి ఎక్కువగా శ్రీకాకుళం, విజయనగరం వైపు ఊళ్లు, కాబట్టి ఉదాహరణలు అక్కడివే ఉంటాయి.

ముందే ఒక మాట. ఒక్కసారి వెళ్లి గట్టిగా చెప్పి వచ్చేస్తే ఏమీ జరగదు. ఈ పనంతా తిరిగి వెళ్లడంలోనే ఉంది. ఒక మనిషి ఇంటికి పది పన్నెండు సార్లు వెళ్లే ఓపిక, తీరిక ఉంటేనే మొదలుపెట్టండి. ఒకేసారి ఇరవై మందిని పట్టుకోవద్దు, ఇద్దరితోనో ముగ్గురితోనో మొదలుపెట్టండి చాలు.

1. వెళ్లే ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఒక నోట్‌బుక్, మనిషికి రెండు పేజీలు
- టార్చి లైటు (నోరు చూడటానికి, ఫోన్ లైటైనా ఫర్వాలేదు)
- జాతీయ పొగాకు క్విట్‌లైన్ (మానాలనుకునేవాళ్లకు ఫోన్‌లో సలహా ఇచ్చే సేవ) నంబరు 1800-11-2356. కాల్ ఉచితం, సోమవారం తప్ప మిగతా రోజుల్లో ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు పనిచేస్తుంది. సిగరెట్ పెట్టెల మీద కూడా ఈ నంబరే ఉంటుంది
- మీ ఊరికి దగ్గరి పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో), జిల్లా ఆస్పత్రిలో పొగాకు మాన్పించే కేంద్రం ఏ రోజుల్లో నడుస్తుందో, నికోటిన్ గమ్ (పొగాకులో అలవాటు పడేలా చేసే నికోటిన్ కొద్దిగా ఉండే నమిలే బిళ్ల) ఉందో లేదో ముందుగా కనుక్కున్న సమాచారం
- ఏఎన్ఎం (ఊరి నర్సు) లేదా విలేజ్ క్లినిక్‌లో ఉండే సీహెచ్‌ఓకి (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్‌కి) ఒక మాట చెప్పి ఉండటం

ఆఖరిది చాలామంది వదిలేస్తారు. ముప్పై ఏళ్లు దాటినవాళ్లకు బీపీ, షుగర్ చూసేటప్పుడు ఆశా కార్యకర్త నింపే ఫారంలో పొగాకు వాడతారా అనే ప్రశ్న ఉంటుంది. అంటే ఊళ్లో ఎవరు కాలుస్తారన్నది ఇప్పటికే కాగితం మీద ఉంది. వాళ్లను కలుపుకుంటే మీకు ఇల్లిల్లూ తిరిగే పని సగం తగ్గుతుంది.

ఇంకొకటి: మీరే కాల్చేవాళ్లయితే ముందు మీరు మానే తేదీ పెట్టుకోండి. ఊళ్లో అందరికీ అందరి సంగతీ తెలుసు.

2. మొదటి మాట ఎక్కడ, ఎలా

రచ్చబండ దగ్గర నలుగురిలో ఎత్తొద్దు. ఉపాధి పని దగ్గర బీడీ విరామంలో అసలే ఎత్తొద్దు. ఆ నలుగురూ నవ్వుతారు, ఆయన ఇంకొకటి అంటిస్తాడు. సాయంత్రం భోజనానికి ముందు ఇంటి అరుగు మీద ఒక్కరే ఉన్నప్పుడు వెళ్లండి.

వరస పెట్టి పిలిచి మాట్లాడండి. తాతా, బాబాయ్, మావయ్యా, మీ ఊళ్లో ఎలా పిలుస్తారో అలాగే. ముందు ఆరోగ్యం, పంట, పిల్లల సంగతి అడిగి, తర్వాత ఒకే ఒక్క ప్రశ్న:

"బాబాయ్, రోజుకెన్ని అవుతాయి?"

మానమని చెప్పకండి, లెక్క అడగండి. లెక్క అడిగితే తప్పు పట్టినట్టు ఉండదు, ఆయనే చెప్పుకొస్తాడు. ఆ తర్వాత "ఎప్పుడైనా మానేద్దామనుకున్నావా?" అని అడగండి. చాలామంది ఎప్పుడో ఒకప్పుడు మానినవాళ్లే ఉంటారు, పది రోజులో నెలో. అప్పుడు ఎలా మానావు, మళ్లీ ఎందుకు మొదలెట్టావు అని అడిగి అది మొత్తం రాసుకోండి. ఈసారి ఏ గుంటలో పడబోతాడో ఆయనే మీకు చెప్పేస్తున్నాడన్నమాట.

హెచ్చరిక ఒక్కటే ఇవ్వండి, అదీ ఆయన ఒంటికి సంబంధించింది. ఆయాసం ఉన్న మనిషికి ఆయాసం సంగతి, షుగర్ ఉన్న మనిషికి కాళ్లలో రక్తం ఆడే సంగతి, టీబీ మందులు మింగుతున్న మనిషికి పొగ వల్ల మందు సరిగా పని చేయదనే సంగతి. కేన్సర్ బొమ్మలు చూపించి భయపెట్టడం వల్ల నాకు తెలిసినంతలో జరిగేది ఒకటే, రెండోసారి మనల్ని చూసి ఆయన పెరటి దారిన వెళ్లిపోతాడు.

"చిన్న బీడీయే కదా, సిగరెట్ అంత కాదు" అంటారు. బీడీలో పొగాకు తక్కువే, కానీ చుట్టిన తునికాకులోంచి గాలి ఆడదు, లాగుతూ ఉండకపోతే ఆరిపోతుంది. అందుకే సిగరెట్ కంటే గట్టిగా, ఎక్కువసార్లు లాగుతారు, లోపలికి పోయే విషం తక్కువేమీ కాదు. ఈ ఒక్క విషయం ఓపిగ్గా చెబితే చాలామంది ఆలోచనలో పడతారు.

నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు చుట్టే ఇళ్లలో, ప్రకాశం జిల్లాలో పొగాకు పండించే ఇళ్లలో మాట్లాడేటప్పుడు మరీ జాగ్రత్త. అన్నం పెట్టే పనిని తిట్టొద్దు. కాల్చడం గురించి మాత్రమే మాట్లాడండి.

3. మూడు రోజుల లెక్క

మానే ముందు మూడు రోజులు ఏమీ మార్చకుండా లెక్క పెట్టించండి. చదువు రానివాళ్లకు నేను చేసేది ఇది: మూత ఉన్న ఒక ఖాళీ డబ్బా ఇచ్చి, బీడీ అంటించిన ప్రతిసారీ కాలిన అగ్గిపుల్ల అందులో వేయమంటాను. పక్కవాడి బీడీతో అంటించుకుంటే చిన్న రాయి వేయాలి. మూడో రోజు సాయంత్రం అరుగు మీద ఆ పుల్లలు కుమ్మరించి ఇద్దరూ కలిసి లెక్కపెట్టాలి.

ఒకాయన "పన్నెండో పదిహేనో" అని చెప్పాడు. పుల్లలు కుమ్మరిస్తే మూడు రోజులకు ఎనభై ఒకటి. ఆయన ఒక్కొక్కటీ వేలితో పక్కకు జరుపుతూ రెండోసారి లెక్కపెట్టుకున్నాడు, ఏమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. మర్నాడు ఆయనే తేదీ అడిగాడు.

లెక్కతో పాటు ఈ నాలుగూ రాసుకోండి:

- పొద్దున లేచాక మొదటిది ఎప్పుడు (గడియారం లేకపోతే: పళ్లు తోముకోకముందా, టీ తర్వాతా, పొలం వెళ్లాకా)
- రోజులో అస్సలు వదలలేనిది ఏది
- ఎవరితో కలిసి కాలుస్తాడు
- కట్ట ఎక్కడ పెడతాడు (చొక్కా జేబు, తలపాగా, గూట్లో, సైకిల్ సంచిలో)

లేచిన అరగంటలోపే మొదటిది పడాల్సిందే అన్నవాళ్లకు నికోటిన్ బాగా అలవాటు పడిపోయిందని అర్థం. వాళ్లకు ఉత్త మాటలతో చాలా కష్టం, ఐదో అంచెలో చెప్పిన గమ్మో ప్యాచో ముందుగానే ఏర్పాటు చేయాలి.

డబ్బు లెక్క కూడా ఆయన చేతే వేయించండి. కట్ట 20 రూపాయలు, రోజుకు రెండు కట్టలు అనుకుంటే నెలకు 1,200, ఏడాదికి 14,600. దానితో ఏం చేస్తావని ఇంటి ఆడవాళ్ల ముందు అడగొద్దు, అది గొడవకు దారి తీస్తుంది. ఆయన్ని ఒక్కడినే అడగండి.

4. తేదీ పెట్టడం

రెండు వారాల లోపు ఒక రోజు. అంతకంటే దూరం పెడితే జారిపోతుంది.

ఏ రోజులు వద్దు: కూలి డబ్బులు చేతికొచ్చే రోజు, సంత రోజు, ఊరి జాతర, ఇంట్లో పెళ్లి, కోతల హడావిడి. పండగ రోజున మానతానని చాలామంది ముచ్చటపడతారు కానీ పండగంటే చుట్టాలు, మందు, కబుర్లు. పండగ వెళ్లిన నాలుగో రోజు నయం.

అయ్యప్ప మాల వేసుకునేవాళ్లు ఊళ్లో ఉంటే అంతకంటే మంచి అవకాశం లేదు. 41 రోజులు బీడీ ముట్టని మనిషికి ఒంటి బాధలు దాదాపు అన్నీ దాటిపోయినట్టే, ఇక మిగిలింది అలవాటు ఒక్కటే. అయినా మాల తీసిన రోజునే చాలామంది మళ్లీ అంటిస్తారు, ఎందుకంటే మాల తీశాక ఏం చేయాలో ఎవరూ వాళ్లతో మాట్లాడరు. మాల తీసే వారం ముందే వెళ్లి కూర్చోండి. "స్వామీ, నలభై రోజులు ఆగారు కదా, ఆ రోజు సాయంత్రం మీరు ఎక్కడుంటారు, ఎవరితో ఉంటారు?" అని అడిగి ఆ ఒక్క సాయంత్రానికి ఏర్పాటు చేయండి. రంజాన్ నెలలో పగలంతా ఆగేవాళ్ల విషయంలోనూ ఇంతే, ఇఫ్తార్ తర్వాత మొదటి గంట దాటించగలిగితే చాలా దూరం వెళ్లినట్టే.

తేదీ ముందు రోజు సాయంత్రం చేయాల్సినవి:

- ఇంట్లో, సైకిల్ సంచిలో, పశువుల పాకలో దాచినవి కూడా బయటపడేయాలి. "ఒక్క కట్ట ఉంచుతాను, ధైర్యంగా ఉంటుంది" అంటే ఒప్పుకోవద్దు
- బడ్డీ కొట్టు ఆయనకు చెప్పాలి: ఫలానా ఆయన మానుతున్నాడు, అరువు ఇవ్వకండి అని. అరువు ఖాతా ఉంటే అది తీర్చి మూసేయించాలి
- "ఒరేయ్, కొట్టుకెళ్లి కట్ట పట్రా" అని పిల్లల్ని పంపడం ఇక ఆగిపోవాలి. 18 ఏళ్ల లోపు పిల్లలకు అమ్మడం ఎలాగూ చట్ట ప్రకారం నేరం
- జేబులో బీడీ ఉండే చోట వేరే ఏదైనా పెట్టాలి: సోంపు, వేయించిన శనగలు, లవంగం, ఉసిరి ముక్కలు
- ఇంట్లో ఒక మనిషికి చెప్పాలి: మూడు రోజులు చిరాకు పడతాడు, ఎదురు మాటాడొద్దు

5. గమ్, ప్యాచ్, మాత్రలు

మెడికల్ షాపులో 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ చీటీ లేకుండా దొరుకుతుంది, 4 మిల్లీగ్రాములదానికి డాక్టరు చీటీ కావాలి. ప్రభుత్వ కేంద్రంలో ఉంటే ముందు అక్కడ అడగండి, కొనే స్తోమత లేనివాళ్లే మన దగ్గర ఎక్కువ.

గమ్ పని చేయలేదని చెప్పేవాళ్లలో ఎక్కువమంది దాన్ని మామూలు బబుల్‌గమ్‌లా నమిలి రసం మింగేసినవాళ్లే. అలా మింగితే వెక్కిళ్లు, కడుపులో తిప్పడం, గొంతు మంట వస్తాయి, "ఇదేదో నాకు పడలేదు" అని పారేస్తారు. మొదటి గమ్ మీ ఎదుటే వేయించండి:

- వేసుకునే ముందు పావుగంట టీ, తిండి, కిళ్లీ ఏమీ వద్దు
- నెమ్మదిగా నమలాలి. మిరియం కొరికినట్టు ఘాటు తగలగానే ఆపాలి
- బుగ్గకు, చిగుళ్లకు మధ్య పెట్టి వదిలేయాలి
- ఘాటు తగ్గాక మళ్లీ రెండు మూడుసార్లు నమిలి ఈసారి ఇంకో పక్క పెట్టాలి
- ఇలా అరగంట, తర్వాత ఉమ్మేయాలి

మొదటి ఆరు వారాలు గంటకో రెండు గంటలకో ఒకటి చొప్పున, ఆ తర్వాత తగ్గించుకుంటూ మూడు నెలలకు మానేయాలి. కాల్చాలనిపించాక వేసుకుంటే ఆలస్యం, వేళ పెట్టుకుని వేసుకోవాలి. పొదుపు కోసం రోజుకు రెండే వేసుకునేవాళ్లు ఉంటారు, అదీ పని చేయకపోవడానికి ఒక కారణమే.

పళ్లు లేని ముసలివాళ్లకు, నోట్లో పుండ్లు ఉన్నవాళ్లకు గమ్ కుదరదు, వాళ్లకు ప్యాచ్ (చర్మానికి అంటించే నికోటిన్ పట్టీ). రోజుకొకటి, వెంట్రుకలు లేని పొడి చర్మం మీద, రోజూ చోటు మార్చి అంటించాలి. ఎండలో పని చేసేవాళ్లకు చెమటకు ఊడిపోతుంది, పనికి వెళ్లకముందే స్నానం చేసి బాగా తుడుచుకుని భుజం పైభాగాన అంటించి కాసేపు అరచేత్తో నొక్కి ఉంచమనండి. వాడిన ప్యాచ్ పిల్లలకు అందకుండా మడిచి పారేయాలి.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్లు డాక్టరును అడగకుండా ఇవేవీ వాడకూడదు. బుప్రోపియాన్, వరెనిక్లిన్ అనే మాత్రలు కూడా ఉన్నాయి, అవి డాక్టరు చూసి రాయాల్సినవే. మూర్ఛ ఉన్నవాళ్లకు బుప్రోపియాన్ పనికిరాదు, ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

పల్లెల్లో దాదాపు ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. ఆయాసానికి థియోఫిలిన్ ఉన్న మాత్రలు వాడే మనిషి పొగ మానేస్తే ఆ మందు ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది, అదే మోతాదు ఎక్కువైపోయి గుండె దడ, వాంతులు రావచ్చు. షుగర్ మందులు, మానసిక రోగాల మందులు వాడేవాళ్లకూ మోతాదు మార్చాల్సి రావచ్చు. మానే తేదీ పెట్టగానే మందుల చీటీ తీసుకుని సీహెచ్‌ఓకో డాక్టరుకో చూపించండి.

6. మానిన రోజు, ఆ తర్వాతి మూడు రోజులు

పొద్దున్నే వెళ్లండి. మొదటి బీడీ వేళకు మీరు అక్కడ ఉండాలి.

ఎక్కువమంది మగవాళ్లు చెప్పే అడ్డంకి ఏంటంటే, బీడీ కాలిస్తే గానీ దొడ్డికి రాదు. ఇది సాకు కాదు, మానిన కొత్తలో మలబద్ధకం నిజంగానే ఉంటుంది. లేవగానే రెండు గ్లాసుల గోరువెచ్చని నీళ్లు, రాత్రి అరటిపండు, ఆకుకూర, కాస్త నడక. వారం పది రోజుల్లో సర్దుకుంటుంది. ఈ సంగతి ముందే చెప్పకపోతే రెండో రోజు పొద్దున్నే చేతిలో బీడీతో కనిపిస్తారు.

కాల్చాలనే కోరిక అలలా వస్తుంది, ఐదు పది నిమిషాల్లో దిగిపోతుంది. ఆ కాసేపటికి చేయాల్సినవి ఆయన చేత నోటికి చెప్పించండి:

- ఆగు: పది నిమిషాలు ఆగి చూద్దాం అనుకోవాలి
- నీళ్లు: మెల్లగా, గుక్క గుక్కగా
- ఊపిరి: ముక్కుతో లోపలికి, నోటితో బయటికి, పదిసార్లు
- లేచి కదులు: గేదెకు మేత వేయడం, మొక్కకు నీళ్లు పోయడం, ఎవరినైనా పలకరించడం

చిరాకు, నిద్ర పట్టకపోవడం, ఆకలి, తలనొప్పి రెండు మూడు రోజుల్లో బాగా ముదిరి అక్కడినుంచి తగ్గుతూ రెండు నుంచి నాలుగు వారాల్లో పోతాయి. దగ్గు కొంతమందికి మొదట్లో పెరుగుతుంది, నోట్లో చిన్న పుండ్లు వస్తాయి. "మానేశాక ఇంకా ఎక్కువైంది, అదే నయం" అని వెనక్కి వెళ్లేది ఇక్కడే. ఊపిరితిత్తులు శుభ్రం చేసుకుంటున్నాయి, కొన్ని వారాలు ఇలా ఉంటుందని ముందే చెప్పి ఉంచాలి.

మూడో రోజు ఒకాయన దగ్గర కూర్చున్నాను. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆయన చెయ్యి చొక్కా జేబు మీదికి వెళ్లేది, తడిమేది, ఖాళీ అని తెలిసి మోకాలి మీదికి వచ్చేసేది. అరగంటలో ఎన్నిసార్లో. చెయ్యి అలా వెళ్తోందని ఆయనకు తెలియదు. అందుకే జేబులో శనగలు పెట్టమనేది. వెళ్లిన చేతికి ఏదో ఒకటి దొరకాలి.

క్విట్‌లైన్‌కు ఫోన్ కూడా మానే వారంలోనే చేయించండి. నంబరు కాగితం మీద రాసి ఇచ్చి వచ్చేస్తే ఎవరూ చేయరు. సిగ్నల్ ఉన్న చోటికి తీసుకెళ్లి, స్పీకర్ పెట్టి, పక్కన కూర్చోండి. తెలుగులో మాట్లాడేవాళ్లు కావాలని అడగండి. వాళ్లు మళ్లీ ఫోన్ చేసి కనుక్కుంటారు కాబట్టి ఎప్పుడూ ఇంట్లో ఉండే నంబరు ఇవ్వాలి.

7. ఎప్పుడెప్పుడు తిరిగి వెళ్లాలి

- ముందు రోజు సాయంత్రం
- మానిన రోజు పొద్దున
- రెండో రోజు, మూడో రోజు (రాలేకపోతే ఫోనైనా)
- ఏడో రోజు
- పద్నాలుగో రోజు
- నెలకు
- మూడు నెలలకు
- ఆరు నెలలకు

వెళ్లినప్పుడు ఐదు నిమిషాలు చాలు. "కాల్చావా?" అని పోలీసులా అడగొద్దు. "నిన్న ఏ వేళ కష్టమైంది?" అని అడగండి, నిజం చెప్తారు. మానిన రోజులను గోడ కేలెండర్ మీద ఆయన చేతే గీత పెట్టించండి. నెల తిరిగాక మిగిలిన డబ్బు ఎక్కడ ఉందో అడగండి, చేతిలో ఉంటే వేరే ఖర్చైపోతుంది, పోస్టాఫీసులోనో సంఘం పొదుపులోనో వేయించండి.

ఏడాది దాటితే గుండెజబ్బు ముప్పు కాల్చే మనిషితో పోలిస్తే సుమారు సగానికి పడిపోతుంది. ఈ మాట మొదటి రోజు చెబితే ఎక్కదు, నెల తిరిగాక చెప్పండి, అప్పటికి చెవికెక్కుతుంది.

8. మళ్లీ ఒకటి కాలిస్తే

కాలుస్తారు. చాలామంది కొన్ని ప్రయత్నాల తర్వాతే పూర్తిగా మానతారు. ఒకటి కాల్చగానే "అయిపోయింది, నా వల్ల కాదు" అని కట్ట కొనేస్తారు, అక్కడ మనం ఉండాలి.

వెంటనే మూడు ప్రశ్నలు: ఎక్కడ, ఎవరితో, ఏం తాగుతూ? జవాబు దాదాపు ఎప్పుడూ మందు దగ్గరో కల్లు దగ్గరో ఉంటుంది. మొదటి నెల మందు కూడా ఆపగలిగితే మంచిది, లేదంటే కనీసం కాల్చేవాళ్లతో కూర్చుని తాగొద్దని ఒప్పించండి. మిగిలిన బీడీలు ఆ రోజే పారేయించి, మర్నాటి నుంచే మళ్లీ మొదలు. కేలెండర్ మీద పాత గీతలు కొట్టేయొద్దు, అవి ఆయన ఆగిన రోజులే కదా.

9. చుట్ట, అడ్డపొగ: ఆడవాళ్ల దగ్గరికి వెళ్లేటప్పుడు

ఉత్తరాంధ్ర తీరంలో పెద్ద వయసు ఆడవాళ్లు చాలామంది చుట్టను తిరగేసి, మండే కొస నోట్లో పెట్టుకుని కాలుస్తారు, దీన్నే అడ్డపొగ అంటారు. పొగాకు మాన్పించే కరపత్రాలన్నీ మగవాళ్ల సిగరెట్ గురించే ఉంటాయి, వీళ్లను ఎవరూ అడగరు, వీళ్లూ తమకు ఇదొక రోగం తెచ్చేదని అనుకోరు.

భీమిలి వైపు ఒక ఊళ్లో ఒక మామ్మ రొంటిన దోపుకున్న చుట్ట తీసి అంటించి, రెండు దమ్ములు లాగి, నిప్పు కొస లోపలికి తిప్పుకుని పెదాలు మూసేసింది. రెండు చేతులూ ఖాళీ అయ్యాయి. చేపల గంప ఎత్తుకుని నడిచి వెళ్లిపోయింది. గాలికి ఆరదు, చెయ్యి అడ్డం ఉండదు, పని ఆగదు. ఆమెకు ఆ చుట్ట ఎందుకు అంత సౌకర్యమో తెలియకుండా మానమని చెబితే ఏం లాభం?

వీళ్ల దగ్గర క్రమం కాస్త మారుతుంది. ముందు నోరు చూడండి. "మామ్మా, ఒకసారి నోరు తెరువు" అని టార్చి వేసి అంగిలి చూడాలి. అంగిలి తెల్లబారి మధ్యలో ఎర్ర చుక్కలు, మచ్చలు, పుండు, గట్టిపడిన చోటు కనిపిస్తే ఆమె కూతురికో కోడలికో కూడా చూపించి, ఆ వారమే దంత డాక్టరు దగ్గరికి పంపాలి. తిరగేసి కాల్చేవాళ్లకు అంగిలి కేన్సర్ ముప్పు బాగా ఎక్కువ.

"సరే, మామూలుగా పెట్టుకుని కాలుస్తాను" అంటే అది మానడం కాదు. మగవాళ్లకు చెప్పిన అంచెలన్నీ ఇక్కడా అంతే, కానీ తోడు వేరు. వీళ్లకు తోడు కోడలు కాదు, అదే వయసు ఇంకో మామ్మ. ఇద్దరినీ కలిపి ఒకే రోజున మాన్పించండి, సాయంత్రాలు ఒకరి అరుగు మీద ఒకరు కూర్చుంటారు.

10. తరచూ జరిగే పొరపాట్లు, దిద్దుబాట్లు

ఖైనీకి మారడం. బీడీ మానేశానని సంతోషంగా చెప్తాడు, కింది పెదవి లోపల ఖైనీ ఉంటుంది. నికోటిన్ అదే, నోటి కేన్సర్ ముప్పు అదే. మొదటి రోజే "ఏ రూపంలోనూ వద్దు" అని చెప్పండి. ఫిల్టర్ సిగరెట్‌కు మారడమూ ఇలాంటిదే. ఇ-సిగరెట్లు అయితే దేశంలో 2019 నుంచి నిషేధంలో ఉన్నాయి.

తగ్గించానని ఆగిపోవడం. ముప్పై నుంచి పదికి తగ్గినవాళ్లు ఆ పదినీ కొస దాకా గట్టిగా లాగుతారు. మెల్లగా తగ్గించుకోవడం తప్పు కాదు, కానీ సున్నా ఎప్పుడన్న తేదీ ఉండాలి.

తెలియకుండా అన్నంలో కలిపే పొడి. గోడల మీద, ఫోన్లలో ప్రకటనలు కనిపిస్తాయి, ఇంటి ఆడవాళ్లు ఆశపడి డబ్బు పంపుతారు. అందులో ఏముందో ఎవరికీ తెలియదు, షుగరో బీపీయో ఉన్న మనిషికి ప్రమాదం కూడా. మనిషికి తెలియకుండా మాన్పించే మందు లేదు, ఇది స్పష్టంగా చెప్పండి.

భార్య చేత నిఘా పెట్టించడం. రెండు రోజుల్లో ఇల్లు రణరంగం అవుతుంది. ఆమె పని కనిపెట్టడం కాదు, ఆ వారం రోజులు వేళకు తిండి, నీళ్లు అందేలా చూస్తే చాలు.

ఆకలి మరిచిపోవడం. పొలంలో మధ్యాహ్నం దాకా బీడీతో ఆకలి చంపుకునే మనిషి మానేస్తే పదింటికే కళ్లు తిరుగుతాయి. పొద్దున్నే అంబలో చద్దన్నమో తిని, ఇంకో పూటకు కట్టుకుని వెళ్లాలి.

11. ఆస్పత్రికి పంపాల్సినవి

- రెండు వారాలు దాటిన దగ్గు, కఫంలో రక్తం, సాయంత్రం జ్వరం (టీబీ పరీక్ష చేయించాలి, ప్రభుత్వంలో ఉచితం)
- రెండు వారాలైనా మానని నోటి పుండు, తెల్ల లేదా ఎర్ర మచ్చ, నోరు పూర్తిగా తెరవలేకపోవడం
- మూడు వారాలు దాటిన గొంతు బొంగురు
- కారణం లేకుండా బరువు తగ్గడం
- ఛాతీలో నొప్పి, ఒక్కసారిగా ఆయాసం: ఆలోచించకుండా 108
- మానాక దిగులు బాగా పెరిగి, చచ్చిపోవాలనిపిస్తోందని అంటే: మనిషిని ఒంటరిగా వదలొద్దు, టెలి-మానస్ (మానసిక ఆరోగ్యానికి ఫోన్‌లో సాయం చేసే ప్రభుత్వ సేవ) 14416కి మీరే ఫోన్ చేయండి

12. ఆరో నెల తర్వాత

ఆరు నెలలు ఆగిన మనిషి మీ దగ్గర ఉన్నాడంటే ఇక ఊళ్లో మీకంటే ఆయన మాటే ఎక్కువ చెల్లుతుంది. పక్క వీధిలో ఇంకొకరి ఇంటికి వెళ్లేటప్పుడు రమ్మని అడగండి. దొడ్డికి రాని బాధ, మూడో రోజు చిరాకు, జేబు తడుముకోవడం ఆయన చెబితే వినేవాడు తల ఊపుతూ వింటాడు. మీరు పక్కన కూర్చుని నోట్‌బుక్‌లో కొత్త పేజీ తీసి పేరు, వయసు, రోజుకెన్ని, లేచాక మొదటిది ఎప్పుడు అని రాసుకోండి, వచ్చేటప్పుడు ఆ ఇంట్లో ఒక ఖాళీ డబ్బా ఇచ్చి రండి.